పేరు ఏదైనా పాట పల్లె దాకా చేరాలి

విజయవాడ: రేడియో పేరు మరోసారి చర్చకు వచ్చింది. "ఆలిండియా రేడియో" అనే మాట మానివేసి, ఇక "ఆకాశవాణి" అని మాత్రమే వ్యవహరించాలని 2023 మే నెలలో ఢిల్లీ నుంచి ఉత్తర్వు వెలువడింది. 1990 నాటి ప్రసార భారతి చట్టంలో ఉన్న పేరు ఇదేనన్నది కారణం. తెలుగు శ్రోతకు ఇందులో వింత ఏమీ లేదు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అనే పిలుపు మన పల్లెలకు ఏనాటి నుంచో పరిచయమే.

ఆ పేరు పుట్టింది మైసూరులో. 1935లో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన చిన్న కేంద్రానికి పెట్టిన పేరది. ప్రభుత్వ రేడియోకు "ఆలిండియా రేడియో" అనే పేరు 1936లో వచ్చింది. 1938లో మద్రాసు కేంద్రం మొదలయ్యాక తెలుగువారికి అక్కడి నుంచే పాటలు, నాటకాలు వినిపించేవి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషితో లలిత సంగీతం, "భక్తిరంజని" ఇంటింటా మోగాయి. ఉషశ్రీ ధర్మసందేహాలు వినడానికి రచ్చబండ దగ్గర జనం చేరేవారు. రైతులకు పాడిపంటల కార్యక్రమం సరేసరి.

సినిమా పాట కథ వేరు. 1952 తరువాత ప్రభుత్వ రేడియోలో సినిమా పాటలకు చోటు తగ్గింది. శ్రోతలు సిలోను వైపు ముల్లు తిప్పారు. పోయిన శ్రోతలను వెనక్కి రప్పించడానికే 1957 అక్టోబరు 3న "వివిధ భారతి" ఆరంభమయింది. 1967లో దానిలో వ్యాపార ప్రకటనలు చేరాయి. తరువాతి కాలంలో ఎఫ్.ఎం. వచ్చింది. బెజవాడ శ్రోతలు "రెయిన్‌బో కృష్ణవేణి" పేరుతో పాటలు విన్నారు. శ్రోత కోరిన పాట దొరకనప్పుడల్లా రేడియో మారక తప్పలేదన్నది ఈ చరిత్ర చెప్పే పాఠం.

అయితే పేరు మార్పుకన్నా పెద్ద మార్పు మరొకటి జరుగుతోంది. దేశంలో పలుచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆపివేసి, ఎఫ్.ఎం.పై ఆధారపడుతున్నారు. ఎఫ్.ఎం.లో పాట స్పష్టంగా వినిపిస్తుంది. కాని దాని తరంగం దాదాపు చూపు సాగినంత మేరే పోతుంది. ఎత్తయిన టవరు ఉన్నా యాభై, అరవై కిలోమీటర్లు దాటితే బలహీనపడుతుంది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకొని అంతకన్నా చాలా దూరం వెళుతుంది. బెజవాడకు ఎఫ్.ఎం. చాలు. తిరువూరు, అవనిగడ్డ అవతలి ఊళ్ళ మాటేమిటి?

సెల్‌ఫోనులో ఆకాశవాణి వినవచ్చునన్న జవాబు ఉన్నది. మామూలు రోజుల్లో అది నిజమే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయిన దివిసీమకు ఆ జవాబు చాలదు. తుపాను వేళ కరెంటు పోతుంది, సెల్ టవరూ ఆగుతుంది. అప్పుడు పనికివచ్చేది రెండు బ్యాటరీల ట్రాన్సిస్టరే.

కాబట్టి బోర్డు మీది పేరుతో సరిపెట్టుకోకుండా అధికారులు రెండు విషయాలు చూడాలి. తీరం దాకా సిగ్నలు అందే ఏర్పాటు ఉండాలి. స్థానిక కళాకారులకు, రైతులకు కేటాయించిన సమయం తగ్గరాదు. ఇవి రెండూ నిలిస్తే ఏ పేరుతో పిలిచినా పల్లె పలుకుతుంది.