రెండు గంటలు హాలు ఇవ్వడానికి ఇంత గొడవా?

రైల్వేలో పనిచేసి రిటైరైన మేము కొందరం మాట్లాడుకొని ఇది రాస్తున్నాం. రాసే చెయ్యి ఒకటి, మాట అందరిదీ. మా చదువు తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవి. కాబట్టి గుణింతాలు వెతక్కండి, విషయం చూడండి.

22 జూలై 2025న ఇంగ్లండులో ఆజీ ఆస్‌బోర్న్ అనే రాక్ గాయకుడు చనిపోయాడు. 76 ఏళ్ళు. మన పిల్లలు పదిమంది ఒక ఆదివారం సాయంత్రం రెండు గంటలు హాలు అడిగారు. అతని పాటలు పెట్టుకొని వినాలి, తలా నాలుగు మాటలు చెప్పుకోవాలి, అంతే. దానికి గ్రూపులో మన పెద్దలు ఇచ్చిన జవాబులు చూశాం. గబ్బిలం తల కొరికినవాడికి మన హాల్లో దీపమా అని ఒకరు. సైతాను పాటలు అని ఇంకొకరు. ఘంటసాల వర్ధంతికి రాని పిల్లలకు ఈ ఏడుపెందుకు అని మూడో ఆయన.

గబ్బిలం సంగతి నిజమే. 1982 జనవరిలో అమెరికాలో కచేరీ జరుగుతుంటే ఎవరో స్టేజి మీదికి విసిరారు, రబ్బరు బొమ్మ అనుకొని కొరికాడు. తరవాత రేబిస్ సూదులు వేయించుకున్నాడు. అంతకంటే పెద్ద తప్పు కావాలంటే మేమే చెబుతాం: 1989లో మత్తులో భార్య గొంతు నులమబోయి అరెస్టయ్యాడు. పిల్లలకు ఇవన్నీ మనకంటే బాగా తెలుసు, దాచడం లేదు. మనిషి బతుకంతా ఒక గబ్బిలంలో చుట్టి పారేసేది మనమే.

అతను ఎవరి బిడ్డో అడిగారా? బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ అనే కూలీల పేట. తండ్రి ఫ్యాక్టరీలో పనిముట్లు చేసేవాడు, రాత్రి షిఫ్టు. తల్లిదీ ఫ్యాక్టరీ పనే. ఇతను 15 ఏళ్ళకు బడి మానేశాడు. కబేళాలో పనిచేశాడు, కారు హారన్లు మోగించి శ్రుతి చూసే పని చేశాడు. దొంగతనం చేసి దొరికితే, బుద్ధి రావాలని తండ్రి జరిమానా కట్టలేదు, ఆరు వారాలు జైల్లో ఉన్నాడు. అతని జతగాడు టోనీ అయోమీ 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజునే మిషన్లో రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకొని మళ్ళీ గిటార్ పట్టుకున్నాడు. ఆ చేతి నుంచి వచ్చిన శబ్దమే 1970లో బ్లాక్ సబాత్ మొదటి రికార్డు. పెరంబూరు వర్క్‌షాపు సంగు విని నిద్ర లేచిన మనకు ఆ చప్పుడు కొత్తదా? ఇనుము మీద ఇనుము పడే శబ్దమది. మన నాన్నలు ఇంటికి తెచ్చుకున్న చెవుడు ఆ శబ్దానిదే.

సైతాను మాట కూడా విచారించాం. అదే ఏడు వచ్చిన రెండో రికార్డులో వార్ పిగ్స్ అనే పాట ఉంది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. పెద్దమనుషులు యుద్ధం మొదలుపెట్టి పేదవాళ్ళ పిల్లల్ని చావుకు పంపుతారని ఆ పాట తిడుతుంది. పాటలు ఎక్కువగా రాసిన గీజర్ బట్లర్ కాథలిక్ ఇంటి పిల్లవాడు. మెడలో వేసుకున్న శిలువలు ఆజీ తండ్రి ఫ్యాక్టరీలో చేసి ఇచ్చినవి. సైతాను ఎక్కడున్నాడో చెప్పండి, మేమూ చూస్తాం.

(ఒక ముచ్చట. క్రేజీ ట్రెయిన్ అని 1980లో అతని పాట ఒకటి, రైల్వే వాళ్ళం కదా, పేరు వినగానే చెవి ఒగ్గాం. గిటారిస్టు రాండీ రోడ్స్ వాయిస్తుంటే రైలు కదిలినట్టు చప్పుడొచ్చిందట. బాసిస్టు బాబ్ డైస్లీ, రాండీ ఇద్దరికీ రైళ్ళ పిచ్చి. పేరు అలా పుట్టిందని డైస్లీయే చెప్పాడు. రాండీ 25 ఏళ్ళకే విమాన ప్రమాదంలో పోయాడు.)

జూలై 5న, చావుకు 17 రోజుల ముందు, తను పెరిగిన పేటలోనే విల్లా పార్క్ మైదానంలో ఆఖరిసారి పాడాడు. పార్కిన్సన్స్ వల్ల నిలబడలేక కుర్చీలో కూర్చొని తొమ్మిది పాటలు పాడాడు. లాభం పార్కిన్సన్స్ సంస్థకు, పిల్లల ఆసుపత్రికి, చావు దగ్గరపడిన పిల్లల్ని చూసుకునే హాస్పిస్‌కు అన్నారు. జూలై 30న శవయాత్ర. ముందు బ్రాస్ బ్యాండు అతని పాటలు వాయిస్తూ నడిచింది, బండి బ్లాక్ సబాత్ పేరు పెట్టిన వంతెన దగ్గర ఆగింది, రోడ్డుకు రెండు వైపులా వేలమంది. అదే రోజు లండన్‌లో రాజుగారి కాపలా బ్యాండు కూడా అతని పాట వాయించింది. వాళ్ళ రాజుకు లేని అంటు మన కమిటీకి వచ్చింది!

చావుకు బ్యాండు వాయించడం మనకు తెలియనిదా? ఉత్తర చెన్నైలో సావింట్లో తెల్లవార్లూ గానా పాడతారు. దాన్నీ ఒకప్పుడు మురికివాడ పాట అని ముక్కు మూసుకున్నారు మన పెద్దలే. ఇప్పుడు సినిమాలో వస్తే పెళ్ళిళ్ళలో ఆడుతున్నారు.

ఇక ఘంటసాల. ఆయన మీద మాకు ఎవరికీ తక్కువ భక్తి లేదు. కాని పోయిన వర్ధంతి సభ గుర్తు చేసుకోండి. ఆరింటికి మొదలు, ఎనిమిదిన్నర దాకా శాలువాలు, ఉపన్యాసాలు. పాట మొదలయ్యేసరికి ముందు వరస పెద్దలే ఇడ్లీల దగ్గర ఉన్నారు. పిల్లలు ఎవరి కోసం రావాలి? 25 సెప్టెంబరు 2020న బాలు గారు పోతే తెలుగు ముక్క రాని తమిళులు, కన్నడిగులు వెక్కి వెక్కి ఏడ్చారు. మీ భాషవాడు కాడు కదా అని వాళ్ళను మనం అడిగామా? వాళ్ళ ఏడుపు చూసి మురిసిపోయాం. అదే ఏడుపు మన పిల్లవాడు ఇంగ్లీషు పాటకు ఏడిస్తే సంస్కృతి పోయిందంటామా?

కార్యదర్శి గారూ, అద్దె మేము కడతాం. శబ్దం ఎక్కువైతే పక్కింటివాళ్ళకు మేమే సర్దిచెబుతాం. తొమ్మిదింటికల్లా ఊడ్చి తాళం వేయించే పూచీ మాది. హాలు తాళం శనివారం లోపు పిల్లలకు ఇప్పించండి. కాదంటే ఎందుకు కాదో కమిటీ తీర్మానంగా రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి, గ్రూపులో గబ్బిలాలు ఎగరేయడం కాదు.