శిశుసాంత్వనము – అభ్యాసము

మనస్సును నిగ్రహించడం వాయువును బంధించినంత దుష్కరమని గీతలోని ఆరవ అధ్యాయంలో అర్జునుడు విన్నవిస్తాడు. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనడు; అభ్యాస వైరాగ్యాలచేత అది సాధ్యమని బోధిస్తాడు. ఆ అభ్యాసానికి ప్రథమ పాఠశాల శైశవంలోని ఒడి. రోదించే శిశువు ఒక స్పర్శచేత, ఒక స్వరంచేత క్రమంగా ఉపశమించినప్పుడు, క్షోభ శమిస్తుందనే అనుభవం అతనికి కలుగుతుంది. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినప్పుడు రోదనం ఆగుతుంది గాని ఆ అనుభవం కలుగదు. ఫోన్ తీసుకొన్న క్షణాన రెట్టింపయ్యే ఏడుపే అందుకు ప్రమాణం.

అయితే అనంతపురం కరవుసీమలోని ముదిగుబ్బ వంటి చోట్ల దీనిని పెంపకపు దోషమనడం అన్యాయం. వానలు లేక వేరుసెనగ చేను ఎండితే దంపతులు బెంగళూరుకు కూలికి తరలిపోతారు. పసివాడు అవ్వ దగ్గర మిగులుతాడు. వంట, నీళ్లు, పశువులు అన్నీ ఆ వృద్ధురాలి మీదనే. ఆమెకు ఫోన్ విలాసం కాదు, ఊపిరి తీసుకొనే వ్యవధి. పైగా రాత్రివేళ తల్లి ముఖం కనిపించేదీ అందులోనే.

కఠోపనిషత్తు చెప్పిన శ్రేయః ప్రేయో వివేకం ఇక్కడ అవసరం. భారతీయ శిశువైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే, బంధువులతో అరుదుగా జరిపే వీడియో కాల్‌ను మినహాయించింది. రెండు నుండి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించరాదన్నది. తల్లి పలకరింపు శ్రేయస్సు. ముద్ద మింగించడానికి చూపే బొమ్మల వీడియో ప్రేయస్సు.

సాధన ఒక్క సందర్భంతో ఆరంభించాలి. ముందుగా భోజనవేళ ఫోన్ మానాలి. తొలి దినాలలో ఏడుపు పెరుగుతుంది. అప్పుడు లొంగితే, ఇంకా ఎక్కువ ఏడిస్తే ఫోన్ వస్తుందని బిడ్డ నేర్చుకొంటాడు. వంటింట గిన్నె, గరిటె, వాకిట మేకపిల్ల, చీర ఉయ్యాల చాలు. పని చేసుకొంటూనే బిడ్డతో మాటలాడవచ్చు. వైరాగ్యం మాత్రం పెద్దలది: సెలవుకు వచ్చిన తండ్రి తానే ఫోన్‌లో మునిగితే బిడ్డకు చెప్పే నీతి నిలువదు.

దూరాన ఉన్న తల్లిదండ్రులకూ ఇందులో భాగముంది. ప్రతిరాత్రి ఒకే వేళకు పిలిచి, బిడ్డతో మాటలాడి, తరువాత అవ్వ శ్రమను వినాలి. ఆమె ఓర్పు నిలిస్తేనే బిడ్డకు ఒడి దక్కుతుంది.