నల్లమలలో వదిలేస్తే పుణ్యమా?

ఇంట్లో సాకలేకపోయిన జీవి ఏదైనా సరే, మా పాలమూరు వైపు వినిపించే సలహా ఒక్కటే: "తీస్కపోయి నల్లమలల ఇడిసిపెట్టున్రి. అడవిజీవి, అడవిల బతుకుతది. పుణ్యమొస్తది." గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, అడవి అంచునే ఉన్న నాగర్‌కర్నూల్‌లోనైనా ఇదే మాట. చదువుకున్నవాళ్లు దీనికి ఇంకొకటి కలుపుతారు: బోనులో పెట్టడం పాపం, స్వేచ్ఛనివ్వడమే దయ అని. జానెడు పిల్లగా ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ముచ్చటపడి కొని, అది అయిదారడుగులు పెరిగాక అద్దాల తొట్టిలో ఓ మూలన పడేసిన ఇగ్వానా గురించి కూడా ఇలాగే తీర్పు చెబుతారు.

ఈ సలహా తప్పు. దయ అనే పేరుతో నడుస్తోంది కాబట్టి ఇంకా గట్టిగా తప్పని చెప్పాలి. చెడిపోయిన ఒంటితో ఉన్న ముదురు ఇగ్వానాను ఇంటికి తెచ్చుకుని, దానికి మిగిలిన ఏళ్లు సరిగ్గా సాకేవాళ్లు చేసేదే దయ. మన్ననూరు దాటాక కారు ఆపి, డిక్కీ తెరిచి, పొదల్లోకి తోసేసి రావడం బాధ్యతను దించుకోవడం మాత్రమే.

అసలు అడవి అంటే ఏ అడవి? పచ్చ ఇగ్వానా పుట్టిల్లు మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న తేమ అడవులు. ఏటి ఒడ్డున చెట్టెక్కి, ఏడాది పొడుగునా దొరికే ఆకు తిని బతికే జీవి అది. మన నల్లమల ఆకు రాల్చే అడవి. మార్చి వచ్చేసరికి టేకు, తునికి, మద్ది మోడుబారతాయి, వాగులు ఇంకిపోతాయి, వడగాడ్పు మొదలవుతుంది. ఆకే ఆహారంగా, గాలిలో తేమే ఆధారంగా బతికే జీవికి ఆ మూడు నెలలు ఎలా గడుస్తాయి? పైగా అది బోనులో పుట్టి చేతిమేత తిన్నది. డేగ నీడ పడితే ఎటు పరుగెత్తాలో, ఏ చెట్టు తొర్ర తనకు సరిపోతుందో దానికి ఎవరూ నేర్పలేదు. మెత్తబడిన ఎముకలతో చెట్టెక్కలేదు. ఎవరి కంటన్నా పడిందా, ఉడుమనుకుని కొట్టి చంపుతారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది నిజమే. ఎంత పెద్దదైతేనేం, అది దాని ఇల్లు కాదు.

చావదనే అనుకుందాం. నల్లమలలో కాకుండా జూరాల కింద, ఏడాదంతా పచ్చగా ఉండే కృష్ణ ఒడ్డున వదిలారనుకుందాం. అది మరింత ప్రమాదం. ఆడ ఇగ్వానా ఒక్క విడతలో ఇరవై నుంచి డెబ్బై గుడ్ల దాకా పెడుతుంది, మట్టిలో బొరియ తవ్వి పెడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1960లలో పెంపకందార్ల చేతుల్లోంచి జారిన ఇగ్వానాలు ఇవాళ కాలువ గట్లను, సముద్రపు గోడలను తొలిచేస్తున్నాయి. అక్కడ చలి ముదిరిన రాత్రుల్లో బిగుసుకుపోయి చెట్లమీంచి రాలిపడతాయి, అయినా వాటి సంతతి తగ్గలేదు. మన దగ్గర ఆ చలి కూడా లేదు. ప్యూర్టోరికో, తైవాన్ ఇదే బాధ పడుతున్నాయి. 2023 చివర్లో థాయిలాండ్‌లోని లోప్‌బురి ప్రాంతంలో రైతులు పంటలు పోతున్నాయని మొరపెట్టుకుంటే ప్రభుత్వం ఇగ్వానాలను పట్టించే పని పెట్టుకుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా కాలువల మట్టికట్టలు ఎన్ని ఏళ్ల పోరాటం తర్వాత వచ్చాయో మనకు తెలుసు; ఇగ్వానాలు తొలిచేది అలాంటి కట్టలనే.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. జాలర్లు దెయ్యం చేప అని పిలిచే ముళ్ల చేపను చూడండి. అక్వేరియం గోడల పాచి తింటుందని తెచ్చుకున్నవాళ్లు, పెద్దదయ్యాక చెరువులో వదిలారు. అది వలలు చింపుతోంది, పట్టిన చేపను పాడుచేస్తోంది. తూర్పు కనుమల నీటి వనరుల్లో దాని ఆనవాళ్లను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పద్ధతిలో పట్టుకున్నారు. దాన్ని నీళ్లలో వదిలిన ప్రతి చెయ్యీ జాలితోనే వదిలి ఉంటుంది.

వదిలితే పుణ్యమనే నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని నేను చిన్నచూపు చూడను. వానకాలం పొలంలోకి మొసలి వస్తే వనపర్తి సాగర్ స్నేక్ సొసైటీ వాళ్లు అటవీ సిబ్బందితో కలిసి పట్టి, మళ్లీ కృష్ణలో వదులుతారు. ఇంట్లో దూరిన పామును చంపకుండా గుట్టల్లో వదిలిపెడతారు. ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. ఆ మొసలి కృష్ణదే, ఆ పాము ఆ గుట్టలదే. ఎక్కడిది అక్కడికి చేరింది. దసరాకు పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి, ఊరంతా తిప్పి, సాయంత్రం గాల్లోకి ఎగరేయడం కూడా వదలడమే అంటారు. నీళ్లూ తిండీ లేక డస్సిన ఆ పిట్టకు ఎగిరే ఓపిక ఎక్కడిది? వదిలే చేతిని చూసి పుణ్యం లెక్కగట్టే అలవాటు మానాలి. వదిలిన జీవికి మర్నాడు ఏమైందో అడగాలి.

చట్టం ఈ మాట అరవై ఏళ్ల కిందటే చెప్పింది. ఆకలితో, దప్పితో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేసి పోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా యాభై రూపాయలు దాటదు. ఇంకా అదే రేటు ఉండటం సిగ్గుపడాల్సిన సంగతి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, వన్యజీవుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కిందికొచ్చే విదేశీ జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు, ఇగ్వానా అందులో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేతులు మారితే ఆ సంగతీ తెలపాలి. మంచి నిబంధనలే. కానీ కాగితం లేనివాడు అటవీ కార్యాలయం గడప తొక్కడానికి భయపడి, రాత్రిపూట ఘాట్ రోడ్డులో వదిలేస్తాడు. మూడు జిల్లాల అటవీ అధికారులు ముందు జీవిని తీసుకుని తర్వాత ప్రశ్నలు అడిగే పద్ధతి పెడితే తప్ప ఇది ఆగదు.

ఇక "ముదిరిన జీవి, పైగా రోగిష్ఠిది, బాగుపడదు" అనే మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇది తెలియనితనాన్ని అనుభవంలా చెబుతుంది. ఇగ్వానా పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. దాని ఒళ్లు పాడయ్యే ముఖ్య కారణం ఎండ లేకపోవడం. ఎండలోని అతినీల కిరణాలు చర్మానికి తగిలితేనే దాని ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న ఆకులోని కాల్షియం వంటబడుతుంది. అది లేనప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. దవడ మెత్తబడుతుంది, వేళ్లు వణుకుతాయి, వెనక కాళ్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బును చూసి యజమాని బలిసిందని సంబరపడతాడు. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అంటారు. ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల పోగేస్తుంది.

మనకు కరువు లేనిది ఎండే. అటూ ఇటూ జాలీ కొట్టి, సగం నీడ ఉండేలా కట్టిన పెద్ద బోనులో పొద్దున రెండు గంటలు ఉంచితే, వేల రూపాయల దీపం చేసే పని పాలమూరు సూర్యుడు ఉత్తినే చేస్తాడు. బోను ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉండాలి, ఎక్కడానికి లావు కొమ్మలుండాలి. మధ్యాహ్నం ఎండలో మాత్రం పెట్టకూడదు. ముసురు రోజులకు అతినీల కిరణాల దీపం కావాలి. అది వెలుగుతున్నట్టే కనిపించినా కిరణాల బలం తగ్గిపోతుంది, ఏడాది తిరక్కముందే మార్చాలి. డిసెంబరు రాత్రుల చలికి వెచ్చదనం ఏర్పాటు చేయాలి.

కష్టమంతా తేమతోనే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ గాలికి పాత చర్మం సరిగ్గా ఊడక వేళ్లచుట్టూ, తోక కొసన ఉంగరంలా బిగుస్తుంది, రక్తం ఆడక ఆ వేలు నల్లబడి రాలిపోతుంది. వట్టివేళ్ల తడికలు కట్టి తడుపుతూ ఉండాలి. రోజూ కాసేపు గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి. పొరను గోటితో పీకకూడదు, నానితే అదే వస్తుంది.

తిండి విషయంలో జాలే ముప్పు తెస్తుంది. బలమొస్తుందని ఉడికిన గుడ్డు, కోడిమాంసం పెడతారు. అది ఆకు తినే జీవి, మాంసం దాని మూత్రపిండాలను చెడగొడుతుంది. పాలకూర మంచిదనుకుంటారు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. మందార ఆకు, పువ్వు, మల్బరీ ఆకు, మునగాకు, తురిమిన గుమ్మడి పెట్టండి. ఇవన్నీ మన పెరళ్లలో ఉన్నవే.

పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోకూడదు. దాని నడినెత్తిన వెలుగునీడలు తెలిసే మూడో కన్ను ఉంటుంది, పైనుంచి వచ్చే ప్రతి నీడా దానికి గద్దే. తోకతో కొడుతుంది, కరుస్తుంది. పక్కనుంచి, నెమ్మదిగా, రోజూ ఒకే వేళకు ఆకు అందిస్తూ పోతే నెలలు గడిచాక చేతిలోంచి తింటుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చంటిపిల్లలకు దూరంగా ఉంచాలి, సాల్మొనెల్లా అంటుతుంది. వంగిన ఎముక మళ్లీ నిటారుగా రాదు. కానీ దవడ గట్టిపడుతుంది, కొమ్మ ఎక్కుతుంది, తనంతట తాను తింటుంది. బాగుపడటమంటే అదే.

వైద్యం దొరకదంటారు. మన పశువైద్యులకు ఇగ్వానా కొత్త కావచ్చు, కాల్షియం కొరత కొత్త కాదు. ఈనిన బర్రె పాలజ్వరంతో కూలబడితే లేపి నిలబెట్టేది వాళ్లే. మోతాదు తేలకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలను అడగమనండి. సొంతంగా మాత్రం సూది వేయకండి.

మనుషులే వలసపోయే జిల్లాలో ఒక బల్లి జాతి జీవికి ఇంత ఖర్చా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న కొన్ననాడు అడగాల్సింది. కొని, చెడగొట్టి, ఇక సాకలేమని తేలాక పేదరికాన్ని అడ్డుపెట్టుకోవడం పేదలకే అవమానం. అందరూ సాకాలని నేను అనడం లేదు. సాకగలిగినవాణ్ని పిచ్చోడని వెక్కిరించకండి అంటున్నాను.

ఇలా తీసుకుంటే వ్యాపారం పెరుగుతుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. అందుకే దానికి డబ్బు ఇవ్వకండి, ఒక్క రూపాయి కూడా. దుకాణంలో పిల్లను కొనకండి. తీసుకున్నదాన్ని నమోదు చేయించండి. మగది లేకపోయినా ఆడ ఇగ్వానా గుడ్లు పెడుతుంది. పెట్టే చోటు దొరక్కపోతే గుడ్లు కడుపులోనే అడ్డంపడి చస్తుంది. తవ్వుకోవడానికి లోతైన ఇసుక తొట్టి పెట్టండి. మగదానితో జత కట్టి ఉంటే, ఆ గుడ్లు తీసేయండి, పొదిగించకండి.