స్ప్రేయర్ బ్యాటరీని తొందరపెట్టకండి

పై వీడియోలో నీమాస్త్రం కొడుతున్న స్ప్రేయర్ బ్యాటరీ గురించి ఒక మాట.

పోయిన వానాకాలం మిరపలో పురుగు కనపడింది. చూస్తే ఛార్జింగ్ లేదు. తొందరలో ట్రాక్టర్ బ్యాటరీలకు వాడే పెద్ద ఛార్జర్‌కి తగిలించాను. గంటన్నరలో నిండింది గానీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నెల తిరక్కుండా పొట్ట ఉబ్బి, రెండో విడత కొట్టాల్సిన రోజే చేతులెత్తేసింది.

మన స్ప్రేయర్లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 8 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. అందులో పదో వంతు, అంటే 0.8 ఆంపియర్ కరెంటు చాలు. 10-12 గంటల్లో నిండుతుంది. పలకలకు పట్టిన లెడ్ సల్ఫేట్ తిరిగి మారడానికి టైము కావాలి. అంతకు మించి కరెంటు తోస్తే కొంత వేడిగా పోతుంది, కొంత లోపలి నీళ్ళను గ్యాసుగా విడగొడుతుంది. సీలు వేసిన బ్యాటరీలో మళ్ళీ నీళ్ళు పోయలేం కదా!

రాత్రి పెట్టి పొద్దున తీసేయండి. వాడాక ఖాళీగా మూలన పడేయొద్దు. లిథియం బ్యాటరీ అయితే దాని ఛార్జరే వాడాలి.

నేలని యూరియాతో తొందరపెట్టొద్దని చెప్పే మనం, బ్యాటరీని మాత్రం ఎందుకు తొందరపెట్టాలి?