ఇంటి సబ్బు సరే.. సోడా జాగ్రత్త!

సున్నిపిండి, కుంకుడు రసంతో ఆగకుండా కొబ్బరినూనెతో సబ్బులూ ఇంట్లోనే చేసుకుంటున్నారా? మంచిదే. కానీ నూనె గట్టి సబ్బుగా మారాలంటే కాస్టిక్ సోడా కావాలి. సబ్బు సరిగ్గా కుదిరితే అందులో సోడా మిగలదు. భయమల్లా డబ్బాలో మిగిలిన దానితోనే. తెల్లగా, ఉప్పులా ఉంటుంది. పిల్లలు నోట్లో వేసుకుంటే అన్నవాహిక కాలిపోతుంది. పుండు మానినా దారి సన్నబడి, ముద్ద దిగడం కష్టమవుతుంది.

అందుకే సోడాను వంటింట్లో పెట్టకండి. కూల్‌డ్రింక్ సీసాల్లో, ఊరగాయ డబ్బాల్లో అసలే వద్దు. పేరు రాసి, తాళం వేయండి. కలిపేటప్పుడు సోడానే కొద్దికొద్దిగా చల్లటి నీళ్లలో వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పొరపాటున పిల్లలు మింగితే వాంతి చేయించకండి, విరుగుడని నిమ్మరసం పట్టకండి. నోరు కడిగి, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.