ఫరవాలేదనుకున్న రోజు

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాడికి సముద్రాన్ని గురించి తెలియనిదేముంటుంది? రత్నాకరుడంటాం, నదులన్నిటికీ భర్త అంటాం, గాంభీర్యానికి ఉపమానం కావలసి వస్తే ఆయన్నే పిలుస్తాం. పర్యాయపదాలు పది చెప్పమంటే తడుముకోకుండా చెబుతాం. ఆ పదిట్లో ఒక్కటీ మన పంచె అంచు తడపదు. అదీ మన సముద్రజ్ఞానం!

కిందటి జూలైలో మా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల్ని "సముద్రం" మీద వ్యాసం రాయమన్నాను. అందరూ వెన్నెల రాశారు, ముత్యాలు రాశారు, సూర్యోదయం రాశారు. భీమిలి దగ్గర ఒక పల్లెనించి వచ్చే కుర్రవాడు మాత్రం అరపేజీతో సరిపెట్టాడు. "పడవ బయట ఉన్న నీళ్ళకు మేము భయపడము. పడవ లోపలికొచ్చిన నీళ్ళకు భయపడతాము" అని మొదలుపెట్టాడు. ఆ అరపేజీలో అక్షరదోషాలు ఏడున్నాయి. ఎనిమిదోది వెతుకుతున్న నా ఎర్రపెన్సిలు ఎందుకో ఆగిపోయింది.

మర్నాడు పిలిచి అడిగాను, దాని భావమేమిటని. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. "నాలుగు బిందెల నీళ్ళంటే ఒక మనిషి బరువండి. మనిషైతే కూర్చోమన్న చోట కూర్చుంటాడు. నీళ్ళు కూర్చోవు. పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తుతాయి. ఇంకా ఒరుగుతుంది. అందుకని అలలు లేచినరోజున ఒకడు నీళ్ళు తోడుతూనే ఉండాలండి."

ఎటు ఒరిగితే అటే పరిగెత్తే మనిషి! ఇంత మంచి ఉపమానం నేను పాతికేళ్ళుగా పాఠం చెబుతూ ఒక్కటీ కట్టలేదు. ఆ ముచ్చటతోనే ఆగస్టులో ఒక ఆదివారం వాళ్ళ పల్లెకు వెళ్ళాను. వాడి తండ్రి పడవ ఎక్కుతానన్నాను. ఆయన ఆకాశం వంక చూశాడు, అలల వంక చూశాడు, చివరికి నా పొట్ట వంక చూశాడు. "కొంచెం దూరమే బావూ" అన్నాడు.

పడవంటే పెద్ద మరపడవ కాదు. వెనక ఇంజను బిగించిన ఫైబరు పడవ. ఎక్కేముందు అందరికీ నారింజరంగు లైఫు జాకెట్లు ఇచ్చాడు. ఆయన తొడుక్కున్నాడు, తక్కిన ముగ్గురూ తొడుక్కున్నారు. చుట్టుపక్కల పడవల్లో తొడుక్కున్నవాళ్ళు నాకు కనిపించలేదు. ఉక్కపోస్తుంది, వల లాగడానికి అడ్డం, పైగా పక్కవాళ్ళు నవ్వుతారు. అందుకని ఆ జాకెట్లు సామాన్యంగా వలల కిందే భద్రంగా ఉంటాయట.

ఒడ్డున అలలు విరిగేచోటు దాటగానే మొదటి పెద్ద కెరటం వచ్చింది. పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. నేనూ లేచాను. భయం వేస్తే లేచి నిలబడటం, దగ్గరున్నదాన్ని గట్టిగా పట్టుకోవడం నేలమీద మనిషికి అలవాటు. నేను పట్టుకున్నది ఒరుగుతున్న పక్క అంచునే. "కూకోండి మేస్టారూ!" అని ఒక్క అరుపు వినిపించింది. నా భుజంమీద ఒక చెయ్యి పడింది. నిలువునా కూలబడ్డాను. ఆ అరుపులో గౌరవవాచకం ఉన్న సంగతి ఒడ్డుకు వచ్చాక గాని నాకు గుర్తు రాలేదు.

తరవాత ఆయన నింపాదిగా చెప్పాడు. చిన్నపడవలో నిలబడ్డ మనిషి తాటిచెట్టులాంటివాడు. బరువు పైకి పోతుంది, పడవ నిలకడ తప్పుతుంది. వల కుప్పగా ఎత్తుమీద పెట్టినా అంతే, చేపల పెట్టెలు ఒకవైపే సర్దినా అంతే. బరువు అడుగునా, నడిమినా ఉండాలి. కెరటానికి ముక్కు చూపించాలి గాని పక్క చూపించకూడదు. వల పోయి మరకు చుట్టుకొని ఇంజను ఆగిందా, పడవ తనంతట తానే అలకు అడ్డం తిరుగుతుంది. అప్పుడు చేతికందే చోట కత్తి ఉండాలి. పాత వలముక్కనో బుట్టనో పొడుగాటి మోకుకు కట్టి ముందునించి నీళ్ళలోకి వదలాలి. అది వెనక్కి లాగుతుంటే ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది. ఖర్మం చాలక పడవ తిరగబడితే, ఒడ్డు కనిపిస్తోంది కదా అని ఈదబోకూడదు. పడవనే పట్టుకొని ఉండాలి. నీళ్ళమీద మనిషి తల ఎవరికీ కనిపించదు, బోర్లాపడిన పడవ దూరానికైనా కనిపిస్తుంది.

"మరి తుపానొస్తే?" అన్నాను, పత్రికలు చదివేవాడిని గనక.

"తుపానుకి ఎవుడెల్తాడు బావూ? ఎల్లొద్దని పది నోళ్ళు సెప్తాయి. పరవానేదనుకున్న రోజే మమ్మల్ని తినేది."

ఈ మాటకు ముందు వెనకలు ఆలోచించాను. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తీరం దాటిన తుపాను, వేటలో ఉన్న ఎందరినో తిరిగి రానివ్వలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నెత్తినే విరుచుకుపడింది గాని, దానికి రోజుల ముందునుంచే వేటకు వెళ్ళవద్దని చాటింపులు సాగాయి. రేవులో ఒకటో నంబరునుంచి పదకొండో నంబరువరకు హెచ్చరికలున్నాయి. తుపానుకు పేరుంది, నంబరుంది, వార్తల్లో చోటుంది. "కొంచెం బాగాలేని" రోజుకు ఇవేవీ లేవు.

పూర్తిగా లేవనడం కూడా తప్పే. సముద్రమన్నది లేని హైదరాబాదులో సముద్రంకోసం ఒక సంస్థ ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమని పేరు, ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టారు. ఏ తీరంలో అలలు ఎంత ఎత్తున లేస్తాయో ముందుగా లెక్కకట్టి చెబుతుంది. కుర్రవాడు తన ఫోనులో నాకది చూపించాడు. ఆ పూట "రెండు మీటర్లు" అని ఉంది. రెండే కదా అనుకున్నాను.

అక్కడే ఉంది తిరకాసు. ఆ రెండు, అన్నిటికంటె పెద్ద అల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవాటిని మూడోవంతు ఏరి, వాటికి కట్టిన సగటు. మా క్లాసులో పైమార్కులవాళ్ళ సగటు అరవై అంటే ఎవడికీ ఎనభై రాలేదని కాదు గదా! రెండు మీటర్లన్న రోజున ఎప్పుడో ఒకటి నాలుగుకు దగ్గరగా రావచ్చు. పడవను బోర్లించడానికి అది ఒక్కటి చాలు.

వాడి అన్న పోయింది అటువంటి రోజునే. ఇది వాడు వ్యాసంలో రాయలేదు. తిరిగి వచ్చేటప్పుడు, అలలు విరిగేచోటికి ఇవతల ఇంజను తగ్గించి తండ్రి చాలాసేపు ఆగాడు. వెనకనుంచి వచ్చే అలల్ని ఒక్కొక్కటే పోనిచ్చాడు. ఎందుకాగామని అడిగితే కుర్రవాడు మెల్లిగా చెప్పాడు. వెనకనుంచి వచ్చే పెద్ద అల పడవ వెనకభాగాన్ని ఎత్తేస్తుంది, ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, పడవ అడ్డం తిరిగి దొర్లుతుంది. పెద్దవి పోయాక, ఒక అల వీపువెనకే, దాన్ని దాటిపోకుండా రావాలి. ఆ రోజున అన్న ఆగలేదు. ఒడ్డున ఇళ్ళు కనిపిస్తున్నాయి, తల్లి చీర రంగు కూడా కనిపిస్తోందట. జాకెట్టు వలకింద ఉంది.

"ఎందుకు వెళ్ళాడు ఆ రోజున?" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

జూన్ 14తో మన తీరంలో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. రెండు నెలలు ఖాళీగా ఉన్న ఇంట్లో అప్పు ఖాళీగా కూర్చోదు. వలకు అప్పు, ఇంజనుకు అప్పు, డీజిలుకు అప్పు. సరిగ్గా నైరుతి గాలులతో అలలు లేచే రోజులవి. ఒడ్డున నిలబడి "వద్దంటే వినరండీ వీళ్ళు" అనడం మనకు సులువు. నెల మొదటి తారీఖున జీతం పుచ్చుకునేవాడికి ఫరవాలేదన్న మాటకు ఒక అర్థం, ఆవేళ చేప పడితే గాని పొయ్యి వెలగనివాడికి ఇంకో అర్థం. జాకెట్టు తొడగడం నేర్పినంత మాత్రాన చాలదు. ఒక్కరోజు ఆగగలిగిన స్తోమతు కూడా పడవకు సామానే.

ఆ రోజు దిగేముందు ఆయన పడవ లోపలి వైపు చూపించాడు. రంగుతో పెద్ద అంకెలు రాసి ఉన్నాయి: 1554. ఆపదలో తీరరక్షక దళాన్ని పిలిచే నంబరు. "సిన్నోడు రాసేడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాడు. పొద్దుటి క్లాసులో బల్లకింద ఫోను చూస్తుంటాడు. పూర్వమైతే బయటికి పంపేవాణ్ణి. ఇప్పుడు పద్యం మధ్యలో ఆపి, "ఎంతరా ఇవాళ?" అని అడుగుతాను.

"ఒకటిన్నర మేష్టారూ."

ఒకటిన్నరంటే మూడు. "మీ నాన్న?" అంటాను.

"ఆగేడండి" అంటే, నాకు ఆ పద్యం మిగతా సగం బాగా వస్తుంది.