పరిహాసమా, అవమానమా?

మలేసియాలో మనలను ‘కెలింగ్’ అని పిలిచి, మనము నొచ్చుకొన్నచో ‘నవ్వులాటకే కదా’ అనువారు నేటికీ ఉన్నారు. ఈ పేరు ‘కళింగ’ నుండి పుట్టినది. తోటలకు వచ్చిన మన పెద్దలలో పెక్కుమంది శ్రీకాకుళం, విశాఖ సీమలవారు. అది ప్రాచీన కళింగ భూమియే. మలక్కాలో 1748లో వెలసిన కంపుంగ్ క్లింగ్ మసీదు పేరులో ఆ మాట ఏ నిందయు లేకుండ నిలిచియున్నది. కనుక దోషము పదములో లేదు, పలుకువాని చులకనభావములో ఉన్నది.

మరి మన విందులలో బంగ్లాదేశ్ కార్మికులను ‘బంగ్లా’లని వెక్కిరించి నవ్వుకొనుట నిర్దోషమా? మన తాతలు చెమటోడ్చినటువంటి తోటలలోనే నేడు వారు చెమటోడ్చుచున్నారు. బదులు చెప్పలేనివానిపై ఆడినది పరిహాసము కాదు. మనకు తగిలిన రాయిని మరియొకరిపై విసరకుందము.